గుర్తుల మేస్త్రీ రెండు సంతకాలు

మా పై వాటాలో ఉండే గుర్తుల మేస్త్రీ ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క చేతిరుమాలు కూడా పోగొట్టలేదు. ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేర్చిన మనిషి. అలాంటి వాడి చేత తన కూతురు తనకేమీ కాదని సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం రాసింది నేనే కాబట్టి, ఆ సంగతి చెప్పాల్సింది కూడా నేనే.

నేను అర్జీలు రాస్తాను. పౌర ధ్రువీకరణ కార్యాలయానికి ఎదురుగా, జిరాక్సు దుకాణం మెట్ల కింద నా బల్ల ఉంది. అందరూ రైటరు గారూ అని పిలుస్తారు. రాసేదంతా ఇతరుల గోడే, అయినా ఆ పిలుపుకు పలుకుతాను.

మేస్త్రీ పనిచేసేది ఊళ్ళోకెల్లా పెద్ద లాండ్రీలో. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు, ఇళ్ళ బట్టలు అన్నీ అక్కడికే వస్తాయి. ఉతికేవాళ్ళు వేరు, ఇస్త్రీ చేసేవాళ్ళు వేరు. ఈయన పని గుర్తు వేయడం. కాలరు లోపలివైపు, నడుము పట్టీ కింద, దుప్పటి మూలన, ఎంత ఉతికినా పోని సిరాతో రెండు గీతలో, ఒక చుక్కో, ఒక కొక్కెమో వేస్తాడు. వేల ఇళ్ళ గుర్తులు ఆయన తలలో ఉన్నాయి. దారిలో మనిషి ఎదురైతే మనం ముఖం చూస్తాం, ఈయన కాలరు చూస్తాడు. తన ఇంటికీ ఒక గుర్తు పెట్టుకున్నాడు: రెండు నిలువు గీతలు, మధ్యలో ఒక చుక్క. పిల్లల గౌన్ల మీద, దిండు గలీబుల మీద, చివరికి గొడుగు గుడ్డ మీద కూడా అదే. ఆ గొడుగు ఎక్కడ పడితే అక్కడ మర్చిపోవడం ఆయనకున్న ఒకే ఒక జబ్బు. గుర్తు ఉంది కదా, అదే ఇల్లు చేరుతుందని ధీమా. ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చేవారు కూడా.

ఇంట్లో నలుగురు. మేస్త్రీ, ఆయన భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఆవిడను నేను వదినా అంటాను. పదిహేనేళ్ళ పెద్దది మేస్త్రీని నాన్నా అంటుంది. పదేళ్ళ చిన్నది పెదనాన్నా అంటుంది, ఎందుకంటే అది ఆయన తమ్ముడి కూతురు. ఆ అన్నదమ్ములు కవలలు, అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండేవారు. తమ్ముడు అదే లాండ్రీలో బాయిలరు దగ్గర ఉండేవాడు. ఒకడు చేసిన తప్పుకు ఇంకొకణ్ణి తిట్టడం సూపర్వైజరుకు రోజూ ఉండే పనే. నాలుగేళ్ళ కిందట తమ్ముడూ మరదలూ ఒకే జ్వరంతో వారం తేడాలో పోయారు. చిన్నది పెదనాన్న చెయ్యి పట్టుకుని ఈ ఇంటికి వచ్చేసింది.

కిందటేడు పిల్లల పుట్టుక చిట్టాలు పెట్టిన గదిలో నీళ్ళ పైపు పగిలింది. తెల్లారేసరికి ఊళ్ళో సగం మంది పిల్లలు ఎవరికి పుట్టారో తెలియకుండా పోయింది. పైపు బిగించినవాణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నిరూపించుకోవాల్సిన పని మాత్రం పుట్టినవాళ్ళ నెత్తిన పడింది. పెద్దల చిట్టా వేరే గదిలో ఉండి బతికింది కాబట్టి పెద్దలకు కార్డులిచ్చారు. వాళ్ళ పిల్లలకు కార్డు కావాలంటే తల్లిదండ్రులూ పిల్లలూ వచ్చి, బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పించుకుని, రక్తసంబంధం ఉందని మిషను చేత అనిపించుకోవాలి. కార్డు లేని పిల్లకు పరీక్ష హాల్లో చోటు లేదు. ఆ తర్వాత తొంభై రోజులకు దేశంలోనే చోటు లేదు. పెద్దది ఆ ఏడు పదో తరగతి.

ఆ దూదిపుల్లకు ముందు ఒక అంగీకార పత్రం నింపాలి. ‘నేను ఇష్టపూర్వకంగా నమూనా ఇస్తున్నాను’ అని పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ‘ఇవ్వనివారి దరఖాస్తు తిరస్కరించబడును’ అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంత మర్యాదగా పీక మీద కత్తి పెట్టే వాక్యం నేను ఇన్నేళ్ళలో రాయలేకపోయాను.

వాళ్ళు నలుగురూ నా బల్ల దగ్గరికి వచ్చిన రోజు వదిన దిగులంతా చిన్నదాని గురించే.

“తమ్ముడి పిల్లలకి కార్డు లేదంటున్నారు రైటరు గారూ. తండ్రి లేడాయె. ఇప్పుడు దీని గతేం కాను?”

నేను గొంతు తగ్గించి, “కూతురని రాసేద్దాం వదినా. ముఖం చూస్తే ఎవరైనా నమ్ముతారు,” అన్నాను.

మేస్త్రీ ఒప్పుకోలేదు. “వద్దు రైటరు గారూ. ఒక ఇంటి బట్ట మీద ఇంకో ఇంటి గుర్తు నేనెప్పుడూ వెయ్యలేదు. ఉన్నదున్నట్టు రాయండి.”

ఉన్నదున్నట్టే రాశాను. చిన్నదాని ఎదురుగా ‘తమ్ముడి కూతురు’. పెద్దదాని ఎదురుగా ‘కూతురు’. పెద్దదాని దగ్గర నా కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు, వాళ్ళూ ఆపలేదు.

మూడు వారాలకు కవరు వచ్చింది. కవరు అంటించి లేదు, రహస్యమనే ముద్ర మాత్రం చాలా గట్టిగా వేశారు. అప్పటికే పోస్టు తెచ్చినవాడు చదివాడు, కింది వాటాలో కుట్టుమిషను ఆవిడ చదివింది. వాళ్ళిద్దరి తర్వాత మేస్త్రీ ఇంట్లో పెద్దపిల్ల మంచం మీద కూర్చుని నేను చదివాను.

చిన్నది మేస్త్రీకి స్వయానా కూతురట. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు, ఆ తర్వాత చుక్క పెట్టి ఇంకో నాలుగు తొమ్మిదులు. వదినకు మాత్రం ఏమీ కాదట. ఇక పెద్దదానికి మేస్త్రీతో గానీ వదినతో గానీ ఎటువంటి సంబంధమూ లేదట.

నాకు మొదటిది అర్థమైంది. కవల అన్నదమ్ములకు లోపలి గుర్తు కూడా ఒకటే ఉంటుంది, వాళ్ళిద్దరి మధ్యా మిషను కూడా సూపర్వైజరులాగే బోల్తా పడింది. రెండోది అర్థం కాలేదు. తల ఎత్తి చూస్తే భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అది బయటపడిపోయిందని బెదిరిన చూపు కాదు. పొయ్యి ఆర్పామా లేదా అని దారి మధ్యలో గుర్తొచ్చినవాళ్ళ చూపు.

“అవును కదూ!” అన్నాడు మేస్త్రీ మెల్లగా.

“అవునండీ,” అంది వదిన. “పెద్దది మనకి పుట్టలేదు కదా!”

ఒట్టు, వాళ్ళు మర్చిపోయారు. దాచిపెట్టి నాటకమాడినవాళ్ళను నా బల్ల ముందు రోజూ చూస్తాను, ఆ ముఖాలు వేరు. వీళ్ళు పదిహేనేళ్ళుగా దానికి తల దువ్వి, జ్వరాలకు రాత్రుళ్ళు కూర్చుని, లెక్కలు రాలేదని తిట్టి, ఆ మధ్యలో ఎప్పుడో అసలు సంగతి మర్చిపోయారు. నాకు ఒళ్ళు మండింది, నవ్వొచ్చింది, తర్వాత ఏడుపు కూడా వచ్చింది. ఒకే పత్రంలో ఇంత తప్పు నేను ఎప్పుడూ రాయలేదు.

అప్పుడు చెప్పారు. పదిహేనేళ్ళ కిందట ఒక పొద్దున ఆసుపత్రి సంచీ విప్పి దుప్పట్లు బల్ల మీద గుమ్మరిస్తుంటే, ఒక తెల్ల దుప్పటి మడతలో పసిపిల్ల. లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. గుర్తులేని బట్ట ఏది దొరికినా పుస్తకంలో రాసి, వచ్చిన చోటుకి కబురు పెట్టి, ముప్పై రోజులు అరలో ఉంచుతారు. ఎవరూ రాకపోతే దొరికినవాడిదే. మేస్త్రీ పద్ధతి తప్పలేదు. పుస్తకంలో రాశాడు. ఆసుపత్రికి చెప్పాడు, మా పిల్లలందరూ సరిగ్గానే ఉన్నారన్నారు. పోలీసును పిలిచాడు, ఆయన పుస్తకంలో పొడి సంతకం చేసి, ముద్ర కొట్టి వెళ్ళిపోయాడు. అరలో పెట్టలేరు కాబట్టి పిల్లను వదిన ఒళ్ళో పెట్టారు. ముప్పై ఒకటో రోజున మేస్త్రీ పిల్ల చొక్కా కాలరు లోపల రెండు గీతలూ చుక్కా వేశాడు. దత్తతకు వేరే కాగితం, వేరే కచేరీ ఉంటాయని ఆయనకు తట్టనే లేదు. లాండ్రీ పద్ధతే లోకం పద్ధతి అనుకున్నాడు.

పెద్దది తలుపు దగ్గరే నిలబడి ఉందని మేం ముగ్గురం చూడలేదు.

“నాకు తెలుసులే నాన్నా. ఆరో తరగతిలో ఉన్నప్పుడే లాండ్రీలో ప్యాకింగు మామ్మ చెప్పింది,” అంది.

వదిన బిత్తరపోయింది. “మరి మమ్మల్ని అడగలేదేమే?”

“మీరు మర్చిపోయినట్టున్నారు. గుర్తు చెయ్యడం ఎందుకని ఊరుకున్నా.”

వదిన దాన్ని దగ్గరికి లాక్కుని వీపు మీద రెండు వేసింది, వేసిన చేత్తోనే నిమిరింది. మేస్త్రీ కవరు తిప్పి తిప్పి చూశాడు, వెనకవైపు ఏదైనా మంచి మాట ఉంటుందేమోనని.

మర్నాటికి వీధి వీధంతా సైన్సు నేర్చుకుంది. బతికుండగా ఆ మరదలు మేస్త్రీకి ఎదురుపడి మాట్లాడిన మనిషి కూడా కాదు, చచ్చిపోయాక ఆమెకు ఇంత కథ అల్లారు. కుట్టుమిషను ఆవిడ వదినను పరామర్శించడానికి వచ్చి గంట కూర్చుంది. ఆవిడ వెళ్ళాక వదిన మొగుడి వైపు చూసి, “బయటికి పోతే గొడుగు తెచ్చుకోవడం చేతకాదు గానీ, ఎంత గుట్టుగా నడిపారండీ వ్యవహారం!” అంది. ఇల్లంతా నవ్వింది. చిన్నది మాత్రం నవ్వలేదు.

“పెదనాన్నా, ఇప్పుడు నిన్ను ఏమని పిలవాలి?”

“ఎప్పుడూ పిలిచినట్టే పిలువమ్మా. మీ నాన్న మీ నాన్నే. వాడి చోట్లో నేను కూర్చోను.”

కార్యాలయంలో మా ఫైలు చూసే ఆఫీసరమ్మ చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషయితే తిట్టుకుని హాయిగా ఉండేవాణ్ణి. కుర్చీలు చూపించింది, మంచినీళ్ళు ఇప్పించింది. మేస్త్రీ ఆవిడ కోటు కాలరు చూసి, చెరువు పక్క వీధి, మూడో ఇల్లు అని నా చెవిలో చెప్పాడు.

“అమ్మా, చిన్నది నా కూతురు కాదండీ, మా తమ్ముడి కూతురు. మేం కవలలం,” అన్నాడు ఆవిడతో.

“మీ తమ్ముడి నమూనా ఉందా?”

“వాడు పోయాడండీ.”

“నమూనా లేనివారిని మేం లెక్కలోకి తీసుకోలేం. మీది ఉంది, కలిసింది. తమ్ముడి కూతురంటే కార్డు రాదు. కూతురంటే ఇవాళే వస్తుంది. కింద సంతకం చెయ్యండి, అభినందనలు.”

“మరి పెద్దదండీ? అది నా కూతురు.”

“కలవలేదు కదండీ.”

“పదిహేనేళ్ళు పెంచానమ్మా!”

“దానికి పరీక్ష లేదండీ,” అందావిడ. నిజంగానే బాధపడుతూ అంది.

ఇప్పుడు దత్తత తీసుకోవచ్చు కదా అని నేను అడిగాను. పౌరురాలైన పిల్లనే దత్తత తీసుకోవాలట. పౌరురాలు కావాలంటే తల్లిదండ్రులు ఉండాలట. ఆవిడ కాసేపు ఆలోచించి ఇంకో దారి చెప్పింది. ఊళ్ళో పెద్దలందరి నమూనాలూ మిషనులో ఉన్నాయి. పెద్దదాని నమూనాను వాటన్నిటితో పోలిస్తే కన్నతల్లి దొరకవచ్చు. దొరికితే ఆమె ఇంటికి నోటీసు వెళ్తుంది, పిల్లకు కార్డు వస్తుంది.

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. కూతురు మిగలాలంటే ఇంకొకామెను పట్టివ్వాలి. ఆఫీసరమ్మ ఆ మాట మాతో వచ్చిన పెద్దదాన్నే అడిగింది, ఎందుకంటే అంగీకార పత్రం మీద ఇష్టపూర్వకంగా సంతకం చెయ్యాల్సింది అదే.

“వద్దండీ,” అంది పెద్దది. “ఆమెకిప్పుడు మొగుడూ పిల్లలూ ఉంటారేమో. పదిహేనేళ్ళ తర్వాత పోస్టువాడి చేత కబురు పంపడం బాగోదు. అతను చదివి గానీ ఇవ్వడు.”

పదిహేనేళ్ళ పిల్లకు ఉన్న బుద్ధి, ఆ మిషను కొన్నవాళ్ళకు ఉండి ఉంటే నాకు ఈ కథ ఉండేది కాదు.

ఆ వారమంతా నేను నిబంధనల పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పరీక్షకు ఇంకా పన్నెండు రోజులుంది. చివరి పేజీల్లో, ఎవరూ చదవని చోట దొరికింది. ఈ దేశంలో దొరికిన పసిబిడ్డ, తల్లిదండ్రులు తెలియకపోయినా, ఎవరిదీ కాకపోయినా, ఇక్కడే పుట్టినట్టు లెక్క. దొరికినట్టు ఆనాటి రికార్డు ఉండాలి, అంతే.

మేస్త్రీ లాండ్రీ గోడౌను నుంచి ఆ ఏటి పుస్తకం తెచ్చాడు. అట్ట ఊడిపోయింది గానీ రాత చెక్కు చెదరలేదు. ఒక బొత్తాల్లేని కోటుకూ ఒంటి మేజోడుకూ మధ్య ఉంది మా పెద్దది. వివరం: ఆడపిల్ల, తెల్ల దుప్పటిలో. గుర్తు: లేదు. స్థితి గడిలో మిగతావాటికి చిరిగింది, మరక, రంగు పోయింది అని ఉన్నాయి. దానికి మాత్రం ‘చాలా బాగుంది’ అని ఉంది. పక్కన పోలీసు ముద్ర.

ఆఫీసరమ్మ ఆ పుస్తకం చూసి ఎంత సంతోషించిందో! వెంటనే ఇంకో పత్రం తీసింది. అది చూసి నా సంతోషం నీరుగారిపోయింది. ఎవరిదీ కాని పిల్లకే ఈ నిబంధన వర్తిస్తుంది. మేస్త్రీ దరఖాస్తులో కూతురని రాశాడు కాబట్టి, ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ‘ఈ బాలికకూ నాకూ ఎటువంటి సంబంధమూ లేదు, ఆమె మీద నాకు ఎటువంటి హక్కూ లేదు, ఇకపైన కోరను’ అని రాసి, అధికారి ఎదుట సంతకం చెయ్యాలి. పిల్ల అదే ఇంట్లో ఉండొచ్చు. చిరునామా గడిలో ఇంటి నంబరు వేస్తారు. తండ్రి గడిలో మాత్రం ఏమీ ఉండదు.

మేస్త్రీ చెప్తే నేను రాయాలి. ఆయన చెప్పలేదు. పత్రంలో ఉన్న మాటలే చూసి రాశాను. నా చేతిరాత బాగుంటుందని పేరు, ఆ రోజు ఆ పేరు చెడింది.

సోమవారం మధ్యాహ్నం, వాన కురుస్తుంటే, ఐదుగురం వెళ్ళాం. మొదటి కాగితం చిన్నదానిది. మేస్త్రీ కళ్ళు మూసుకుని, ఒక్క క్షణం తమ్ముణ్ణి తలుచుకుని, సంతకం పెట్టేశాడు. రెండో కాగితం ముందు పెట్టగానే కలం పైకెత్తి అలాగే ఉండిపోయాడు. రోజుకు వేయి గుర్తులు వేసే చెయ్యి అది.

“పద్ధతి ప్రకారం అడగాలి, ఏమీ అనుకోకండి,” అంది ఆఫీసరమ్మ. “ఈ అమ్మాయి మీకు ఏమవుతుంది?”

మేస్త్రీ పెద్దదాని కాలరు వైపు చూశాడు. వదిన గోడ వైపు తిరిగింది.

ఆఫీసరమ్మ పెద్దదాన్ని అడిగింది. “పోనీ, నువ్వు చెప్పమ్మా. ఈయన నీకు ఏమవుతారు?”

“ఏమీ కారండీ,” అంది పెద్దది, పాఠం అప్పజెప్పినట్టు. ఆ మాట తను ముందు అంటే ఆయనకు అనడం తేలికవుతుందని అంది. అది నాకు తెలుసు, మేస్త్రీకీ తెలుసు. తర్వాత ఆయన చెయ్యి మీద చెయ్యి వేసి, “పెట్టేయండి,” అంది. నాన్నా అని అలవాటుగా వచ్చిన మాటను మింగేసింది.

మేస్త్రీ సంతకం పెట్టాడు. కాగితం మీద రెండు చుక్కలు నీళ్ళు పడితే ఆఫీసరమ్మ అద్దుడు కాగితంతో జాగ్రత్తగా అద్దింది. మా మేస్త్రీ జీవితంలో ఒక ఇంటి బట్ట మీద ఇంకో ఇంటి గుర్తు వెయ్యలేదు. ఆ రోజు పావుగంటలో రెండుసార్లు వేయించారు. తమ్ముడి కూతుర్ని తన కూతురన్నాడు, తన కూతుర్ని ఎవరో అన్నాడు. రెండింటికీ ప్రభుత్వం గుండ్రటి ముద్ర వేసి, నిజమని ధ్రువీకరించింది.

కార్డులు వేడివేడిగా వచ్చాయి. చిన్నదాని కార్డులో తండ్రి గడిలో మేస్త్రీ పేరు. పెద్దదాని కార్డులో తండ్రి, తల్లి రెండు గడుల్లోనూ ‘తెలియదు’. పరీక్ష హాలుకు అది చాలు. మేస్త్రీ ఆ కార్డు చూడలేక ముందుగా బయటికి నడిచాడు, వెనకే వదిన, చిన్నది. పెద్దదీ నేనూ గుమ్మం దాకా వచ్చాం.

“అమ్మాయ్! ఆగు,” అని వెనక నుంచి కేక వినిపించింది.

ఇంకో కాగితం ఏదో మిగిలిపోయిందనుకున్నాను. ఆఫీసరమ్మ కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి, గబగబా వస్తోంది. ఆవిడ చేతిలో రెండు గీతలూ చుక్కా ఉన్న నల్ల గొడుగు.

“మీ నాన్న గొడుగు మర్చిపోయాడమ్మా. వాన పడుతోంది, పట్టుకెళ్ళు.”

గొడుగు అందిస్తూ అందిస్తూ ఆవిడ చెయ్యి ఆగింది. ఏమన్నదో అప్పటికి చెవిన పడినట్టుంది. వెనక బల్ల మీద ఆ కాగితం, దాని మీద ముద్ర సిరా ఇంకా ఆరలేదు.

పెద్దది గొడుగు తీసుకుంది.

“మా నాన్న ఎప్పుడూ అంతేనండీ,” అని వానలోకి పరుగెత్తింది.